విశాఖ గాజువాక ఆటోనగర్‌లో మా పాత సుమోకి పవర్ స్టీరింగ్ బాక్స్ మార్పించాం, పని ఎలా చేశారంటే

విషయం ముందే చెప్పేస్తాను. మీ దగ్గర పాత సుమోగానీ సఫారీగానీ, బాక్స్ రకం పవర్ స్టీరింగ్ ఉన్న ఇంకే బండిగానీ ఉండి, స్టీరింగ్‌లో ఆట (చక్రాలు కదలకుండా స్టీరింగ్ ఊరికే తిరగడం) ఎక్కువైంది, కింద ఆయిల్ కారుతోంది అంటే ఇంటి దగ్గర గ్యారేజీలో విప్పించొద్దు. గాజువాక ఆటోనగర్‌లో స్టీరింగ్ బాక్సుల పని మాత్రమే చేసే షెడ్లు ఉన్నాయి, అక్కడికి తీసుకెళ్లండి. మేం వెళ్లిన షెడ్డుకి బోర్డు కూడా లేదు, ముందు ఎప్పుడూ రెండు మూడు లారీలు, ఒక స్కూల్ బస్సు ఆగి ఉంటాయి. లారీ డ్రైవర్ ఒకాయన చెబితే వెళ్లాం. పని చాలా బాగా చేశారు, నచ్చనివి కూడా కొన్ని ఉన్నాయి, అన్నీ రాస్తాను.

మాది 2006 సుమో విక్టా. నాన్నగారు కొన్న బండి, ఇప్పటికీ ఎక్కువగా ఆయనే నడుపుతారు. 15 ఏళ్లు నిండాక రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాం, అది 5 ఏళ్లకి ఇస్తారు కాబట్టి బండిని ఇంకొన్నాళ్లు ఉంచుకోవాలనే మా ఉద్దేశం. ఇంజిన్ శుభ్రంగా ఉంది, గేర్లు బాగున్నాయి, చోడవరం వైపు మా ఊరికి ఇంటిల్లిపాదీ సామానుతో సహా వెళ్లాలంటే దీన్ని మించిన బండి మాకు లేదు. సుమో 1994లో వచ్చింది, 2019లో తయారీ ఆపేశారు, అయినా పార్టులు ఇప్పటికీ దొరుకుతున్నాయి. అందుకే "అమ్మేసి కొత్తది కొనుక్కోండి" అనే సలహాని మేం పట్టించుకోలేదు.

గొడవంతా స్టీరింగ్‌తోనే. హైవే మీద నేరుగా పోతున్నప్పుడు కూడా చిన్న చిన్నగా సరిచేస్తూ ఉండాల్సి వచ్చేది. ఆనందపురం వైపు లారీల పక్క నుంచి ఓవర్‌టేక్ చేస్తుంటే నాన్నగారి చేతులు బిగుసుకుపోవడం నాకు తెలుస్తూనే ఉండేది. స్టీరింగ్ తిప్పడం మొదలుపెట్టాక చక్రం కదలడానికి కొంత దూరం ఊరికే తిరిగేది. రాత్రి పెట్టిన చోట పొద్దున్నే ఎర్రటి ఆయిల్ మరక కనబడేది. అంతకుముందు ఊళ్లోనే ఒక గ్యారేజీలో బాక్స్ విప్పి సీల్ కిట్ (ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు సీళ్లు) వేశారు, కొన్నాళ్లు ఆగి మళ్లీ అదే చోట కారడం మొదలైంది. ఆట పోవడానికి బాక్స్ పైన ఉండే అడ్జస్టింగ్ స్క్రూని కూడా బిగించేశారు. దాంతో ఇంకో సమస్య వచ్చింది, మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతటదే వెనక్కి రావడం మానేసింది. ఘాట్ రోడ్డు మీద ఇది ఎంత ప్రమాదమో నడిపేవాళ్లకి తెలుస్తుంది.

ఇక్కడ ఈ బాక్స్ సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇది తెలియకపోతే మెకానిక్ ఏం చెప్పినా తలూపాల్సిందే. ఇప్పటి చిన్న కార్లలో ఉండేది ర్యాక్ రకం, చాలావాటికి కరెంటు మోటారే సాయం చేస్తుంది. సుమోలో ఉండేది బాక్స్. స్టీరింగ్ రాడ్డు చివర మరలున్న వార్మ్ షాఫ్ట్, దాని మీద ఉక్కు బాల్స్ సాయంతో జరిగే పెద్ద నట్టు, ఆ నట్టు పళ్లు సెక్టార్ షాఫ్ట్ పళ్లని తిప్పుతాయి, సెక్టార్ షాఫ్ట్ కింది కొసకి డ్రాప్ ఆర్మ్ ఉంటుంది, అది రాడ్లని లాగితే చక్రాలు తిరుగుతాయి. పంపు నుంచి వచ్చే ఆయిల్ ప్రెషర్ ఆ నట్టునే పిస్టన్‌గా నెడుతుంది, మన చేతికి బరువు తగ్గేది అందువల్లే. మనం ఎక్కువసేపు నేరుగా నడుపుతాం కాబట్టి పళ్లు మధ్యలోనే ఎక్కువ అరుగుతాయి, పక్కల్లో అరగవు. ఆ అరుగుదలని స్క్రూ బిగించి సరిచేద్దామనుకుంటే మధ్యలో ఆట తగ్గుతుంది గానీ పక్కలకి తిప్పినప్పుడు పట్టేస్తుంది. మా బండికి జరిగింది అచ్చంగా ఇదే.

షెడ్డులో మేస్త్రి గారు పెద్దాయన, మాట తక్కువ. బండి చూడగానే "బాక్స్ పోయింది" అనలేదు, నాకు ముందుగా నచ్చింది అదే. బండిని నేల మీదే ఉంచి, ఇంజిన్ ఆన్‌లో పెట్టించి, నన్ను స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి అటూ ఇటూ కొంచెం కొంచెం తిప్పమన్నారు. ఆయన కింద పడుకుని ఒక్కో జాయింట్ మీద చెయ్యి పెట్టి చూశారు. చక్రాలని తిప్పే టై రాడ్ల ఎండ్లు, బాక్స్‌కి ఎదురు వైపు రాడ్లని పట్టి ఉంచే ఇడ్లర్ ఆర్మ్, బాక్స్‌ని ఛాసిస్‌కి పట్టి ఉంచే బోల్టులు, స్టీరింగ్ రాడ్డు మధ్యలో ఉండే క్రాస్ జాయింట్, అన్నీ. "బాక్స్ మీద నేరం ముందే మోపేయకూడదు బాబూ, మిగతా కీళ్లన్నీ సూడాలి కదా" అన్నారు. అలా చూస్తే ఇడ్లర్ ఆర్మ్ బుష్ కూడా పోయిందని తేలింది, ఆటలో కొంత వాటా దానిది. అయినా పైన రాడ్డు తిరుగుతున్నా డ్రాప్ ఆర్మ్ ఆలస్యంగా కదలడం నన్ను కిందకి పిలిచి, కుర్రాడిని స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి, కళ్లారా చూపించారు. మీ బండికి బాక్స్ మార్చాలని ఎవరైనా చెబితే ఈ పరీక్ష చేసి చూపించమని అడగండి. చక్రాలు పైకి లేపి చేస్తే బరువు ఉండదు, ఆట ఎక్కడుందో సరిగ్గా తెలియదు. నేల మీద ఉండగానే చెయ్యాలి.

బాక్స్ దింపి విప్పాక అసలు కారణం బయటపడింది. సెక్టార్ షాఫ్ట్ మీద కింది సీల్ కూర్చునే చోట బావి గట్టు మీద తాడు రాసుకున్న గాడిలా ఒక గీత పడి ఉంది, గోరుతో రాస్తే గోరు ఆగుతోంది. పక్కనే తుప్పు తిన్న చిన్న చిన్న గుంటలు. దుమ్ము లోపలికి పోకుండా ఉండాల్సిన రబ్బరు తొడుగు ఎప్పుడో చిరిగిపోయింది, మన ఊరి ఉప్పుగాలి, వర్షాకాలం బురద నేరుగా షాఫ్ట్ మీదకి చేరాయి. షాఫ్ట్ ఇలా ఉంటే ఎంత మంచి సీల్ వేసినా ఆగదు, గరుకు తగిలి కొత్త రబ్బరు పెదవి కూడా కోసుకుపోతుంది. ముందు గ్యారేజీలో వేసిన సీల్ నిలవకపోవడానికి కారణం ఇదే. షాఫ్ట్ నున్నగా ఉండి, పళ్లు బాగుండి, సీల్ మాత్రమే ఎండిపోతే సీల్ కిట్ చాలు, దానికి బాక్స్ మార్చక్కర్లేదు. షాఫ్ట్‌లో గాడి, పళ్లలో అరుగుదల రెండూ ఉంటే సీల్ కిట్‌కి పెట్టే డబ్బు దండగ. మాకు రెండూ ఉన్నాయి.

సెకండ్ హ్యాండ్ బాక్స్ గురించి నేనే అడిగాను, ఎందుకంటే తుక్కు బళ్లవి దొరుకుతాయని విన్నాను. ఆయన ఒప్పుకోలేదు. వేస్తే ఆయనకి కూలి ఎలాగూ వస్తుంది, పైగా మళ్లీ పాడైతే మళ్లీ వస్తుంది. అయినా "అదీ ఇదే వయసుది, ఏ గుద్దుకి దెబ్బతిన్నాదో ఎవలికి తెలుసు, స్టీరింగ్‌లో ఆ పని సెయ్యను" అని తెగేసి చెప్పారు. యాక్సిడెంట్ అయిన బండి నుంచి తీసిన బాక్స్‌లో లోపల షాఫ్ట్‌కి పగులు ఉంటే బయటికి కనబడదు. బ్రేకు, స్టీరింగ్ ఈ రెండింటి దగ్గర పొదుపు చేయకూడదని నా అభిప్రాయం కూడా. కొత్త బాక్సే వేయించాం. పాత బాక్స్ మీద ఉన్న రేకు చూసి అది రానే కంపెనీదా, జెడ్‌ఎఫ్ కంపెనీదా, దాని నంబరేంటి అని రాసుకుని దాని ప్రకారమే తెప్పించారు. మోడల్ పేరు ఒక్కటే చెప్పి తెప్పించుకుంటే తప్పు బాక్స్ వచ్చే అవకాశం ఉంది కాబట్టి ఈ నంబరు సంగతి మీరూ గుర్తుపెట్టుకోండి.

డ్రాప్ ఆర్మ్ తీసే పద్ధతి చూసి ఆయన మీద నమ్మకం ఇంకా పెరిగింది. చాలాచోట్ల సుత్తితో బాదుతారు, అప్పటికీ రాకపోతే గ్యాస్ మంట పెడతారు. మంట పెడితే ఆర్మ్ ఉక్కు గట్టితనం పోతుంది, అది తెగితే చక్రాలకీ స్టీరింగ్‌కీ సంబంధమే ఉండదు. ఇక్కడ నట్టు మీద తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి నానబెట్టి, ఆర్మ్‌ని ఊడలాగే పెద్ద పుల్లర్ బిగించి, కొద్దికొద్దిగా బిగిస్తూ పోయారు. ఒక్కసారి టప్‌మని శబ్దం వచ్చి ఊడింది. ఊడాక ఆర్మ్ లోపలి పళ్లు కడిగి చూశారు, షాఫ్ట్ మీద, ఆర్మ్ మీద ఎదురెదురుగా ఉండే గుర్తులు చూపించారు. బాక్స్ కూర్చునే చోట ఛాసిస్‌ని వైరు బ్రష్‌తో రుద్ది, బోల్టు కన్నాల చుట్టూ ఎక్కడైనా పగులు ఉందేమో లైటు వేసి చూశారు. పాత బళ్లకి అక్కడ పగులు వస్తుందట, అదృష్టం బాగుండి మాకు లేదు.

హోస్ దగ్గర ఖర్చు కొంచెం పెరిగింది. పంపు నుంచి బాక్స్‌కి వెళ్లే హై ప్రెషర్ హోస్ చివర ఇనుప బిగింపు తుప్పుపట్టి పొరలు పొరలుగా లేస్తోంది. మేం ఉండేది సముద్రానికి దగ్గరలో, బండికి షెడ్డు లేదు, బీచ్ వైపు ఉండేవాళ్లందరి బళ్లకీ ఈ తుప్పు మామూలే. నాకు ఫోన్ చేసి, ఫొటో పంపి, సరేనన్నాకే మార్చారు. ఇడ్లర్ ఆర్మ్ బుష్, హోస్ జాయింట్ల దగ్గర రాగి వాషర్లు కూడా కొత్తవే వేశారు. పంపు బాగానే ఉందని దాని జోలికి పోలేదు, బెల్ట్ మాత్రం బిగించారు. తర్వాత రిటర్న్ పైపు ఊడదీసి డబ్బాలో పెట్టి, పైనుంచి కొత్త ఆయిల్ పోస్తూ పాతదంతా పోయేదాకా కడిగారు. వచ్చిన పాత ఆయిల్ నల్లగా, వేళ్ల మధ్య రుద్దితే సన్నటి ఇనుప రజనుతో ఉంది. అది కడగకుండా కొత్త బాక్స్ బిగిస్తే ఆ రజను నేరుగా కొత్త బాక్స్‌లోకే వెళ్తుంది. చాలామంది మానేసే పని ఇది, అరగంట ఎక్కువ పడుతుంది, ఒకటి రెండు లీటర్ల ఆయిల్ అదనంగా పోతుంది, అయినా చేయించి తీరాలి. ఆయిల్ కూడా ఏటీఎఫ్ (ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్) పోయాలి. దారిలో తక్కువైందని ఎవరైనా బ్రేక్ ఆయిల్ పోస్తామంటే ఒప్పుకోకండి, సీళ్లన్నీ ఉబ్బి పాడైపోతాయి.

మొత్తం పనిలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించింది కొత్త బాక్స్‌ని మధ్యలో పెట్టి బిగించడం. బిగించకముందే బాక్స్ షాఫ్ట్‌ని ఒక చివర నుంచి ఇంకో చివరకి ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కపెట్టి, అందులో సగం వెనక్కి తిప్పి, అక్కడ చాక్‌పీస్‌తో గీత పెట్టారు. స్టీరింగ్ వీల్ నేరుగా ఉంచి, ముందు చక్రాలు నేరుగా ఉంచి, ఈ గీత చెదరకుండా రాడ్డు కలిపారు. ఎందుకింత పట్టింపు అంటే బాక్స్‌లో పళ్లు సరిగ్గా మధ్యలోనే బిగువుగా, ఆట లేకుండా కలిసేలా తయారుచేస్తారు. చక్రాలు నేరుగా ఉన్నప్పుడు బాక్స్ కూడా దాని మధ్యలోనే ఉండాలి. ఒక పన్ను పక్కకి కలిపితే బండి నడుస్తుంది, ఎవరికీ వెంటనే తెలియదు, కానీ నేరుగా పోతున్నప్పుడు బాక్స్ వదులు చోట పని చేస్తుంది, ఒక వైపు మలుపు ఎక్కువ తిరిగి ఇంకో వైపు తక్కువ తిరుగుతుంది. కొత్త బాక్స్ వేసినా ఆట పోలేదని బాధపడేవాళ్లు ఒకసారి ఇది చూపించుకోవాలి.

ఆయిల్‌లో చిక్కిన గాలి తీయడం కూడా ఓపికగా చేశారు. ముందు చక్రాలు రెండూ స్టాండ్ల మీద లేపి, ఇంజిన్ ఆపే ఉంచి, స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి నెమ్మదిగా చాలాసార్లు తిప్పించారు, పైన స్టీరింగ్ ఆయిల్ డబ్బాలో తగ్గినప్పుడల్లా పోస్తూ. బుడగలు ఆగాకే ఇంజిన్ స్టార్ట్ చేసి మళ్లీ అదే పని. మొదటే స్టార్ట్ చేస్తే పంపు గాలినీ ఆయిల్‌నీ కలిపి నురగ చేసేస్తుంది, ఆ నురగ పోవడానికి చాలాసేపు పడుతుంది, పంపు మూలుగుతుంది. ఇంకో మాట చెప్పారు, ఇది అందరూ పాటించాల్సింది: స్టీరింగ్ పూర్తిగా చివరిదాకా తిప్పి అలాగే పట్టుకుని ఉంచకూడదు, రెండు మూడు సెకన్లకే కొంచెం వదలాలి, లేకపోతే పంపు మీద పూర్తి ప్రెషర్ పడి ఆయిల్ కాగిపోతుంది. జగదాంబ దగ్గర ఇరుకు పార్కింగుల్లో ఇది రోజూ చేస్తుంటాం.

తర్వాత ఆయనే పక్కన కూర్చుని కూర్మన్నపాలెం వైపు హైవే మీద నడిపించారు. స్టీరింగ్ మీద చెయ్యి తేలికగా ఉంచితే బండి గీత గీసినట్టు పోయింది, మలుపు తిరిగి వదిలితే దానంతటదే వెనక్కి వచ్చింది. వెనక్కి వచ్చాక మళ్లీ కింద పడుకుని జాయింట్లన్నీ తుడిచి చూసి, తడి లేదని నిర్ధారించుకున్నాకే బండి ఇచ్చారు.

వీల్ అలైన్‌మెంట్ వాళ్ల దగ్గర లేదు, బయట చేయించుకోవాలి. పంపేటప్పుడే మేస్త్రి గారు గట్టిగా చెప్పారు, "స్టీరింగ్ వీల్ ఊడదీసి తిప్పి పెడతామంటే ఒప్పుకోకండి, రాడ్లతోనే సరిచెయ్యమనండి." సరిగ్గా అదే జరిగింది. అలైన్‌మెంట్ అయ్యాక వీల్ కొంచెం కుడికి వాలి ఉంటే, అక్కడి కుర్రాడు వీల్ నట్టు విప్పి ఒక పన్ను జరిపేస్తా సార్ అన్నాడు. చూడటానికి నేరుగా కనిపిస్తుంది గానీ బాక్స్ మధ్య నుంచి తప్పుకునే ఉండిపోతుంది, అంతసేపు చాక్‌పీస్‌తో గీత పెట్టి చేసిన పనంతా పోతుంది. నేను వద్దని చెప్పి, రెండు వైపులా టై రాడ్లని సమానంగా అడ్జస్ట్ చేయమన్నాను. ఆలస్యమైంది, కుర్రాడు కొంచెం విసుక్కున్నాడు, కానీ చివరికి సరిగ్గానే చేశాడు.

ఇప్పుడు బండి ఎలా ఉందంటే, సింహాచలం ఘాట్ ఎక్కి దిగాం, ఆ తర్వాత శృంగవరపుకోట మీదుగా అరకు కూడా వెళ్లొచ్చాం. అనంతగిరి మలుపుల్లో నాన్నగారు కబుర్లు చెబుతూ నడిపారు, చాలా కాలం తర్వాత. ఇంతకుముందు ఆ మలుపుల్లో ఆయనతో మాట్లాడాలంటే నాకే భయంగా ఉండేది. పొద్దున్న బండి తీశాక నేల పొడిగా ఉంటోంది. ఘాట్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి, డీజిల్ మిగులుతుందని దిగేటప్పుడు ఇంజిన్ ఆపేసి న్యూట్రల్‌లో దొర్లించేవాళ్లని ఇప్పటికీ చూస్తున్నాను. దయచేసి అలా చెయ్యకండి. ఇంజిన్ ఆగితే పంపు ఆగుతుంది, స్టీరింగ్ ఒక్కసారిగా రాయిగా బరువెక్కుతుంది, రెండు మూడుసార్లు తొక్కాక బ్రేకుకి ఉండే వాక్యూమ్ సాయం కూడా పోతుంది. ఎంత కొత్త బాక్స్ వేసినా అప్పుడు ఏం లాభం లేదు.

నచ్చనివి. కొత్త బాక్స్ రావడానికి వాళ్లు చెప్పినదానికన్నా ఎక్కువ రోజులు పట్టింది, అన్నాళ్లూ బండి షెడ్డు బయట ఎండలో ఉంది, మనం ఫోన్ చేస్తే తప్ప వాళ్లుగా చెప్పరు. బండి నడిచే స్థితిలో ఉంటే బాక్స్ వచ్చాకే విప్పమని ముందే మాట్లాడుకోండి. కూర్చోవడానికి చోటు లేదు, లారీల మోతకి ఫోన్‌లో మాట్లాడటం కూడా కష్టం. బిల్లు మొదట తెల్ల కాగితం మీద రాసిచ్చారు. కొత్త బాక్స్‌కి కంపెనీ వారంటీ కావాలంటే జీఎస్టీ బిల్లు ఉండాలి, దాని మీద బాక్స్ నంబరు ఉండాలి, అది గట్టిగా అడిగితేనే తెప్పించి ఇచ్చారు. వాళ్ల పనికి రాతపూర్వకంగా గ్యారంటీ ఏమీ ఇవ్వరు. ఖర్చులో పెద్ద భాగం బాక్స్‌దే, కూలి దాని పక్కన చిన్నది, ముందు చెప్పిన మొత్తానికీ చివరి మొత్తానికీ తేడా ఆ హోస్ ఒక్కటే. పాత బాక్స్ మనకే ఇచ్చేశారు, తుక్కు కింద వాళ్లే ఉంచేసుకునే అలవాటు లేదు.

కొన్నాళ్లు తిరిగాక ఒకసారి రమ్మన్నారు, వెళ్తే బోల్టుల బిగువు, ఆయిల్ లెవెల్ చూసి పంపించారు, దానికి డబ్బు తీసుకోలేదు. ఎలక్ట్రిక్ స్టీరింగ్ ఉన్న కార్లు అక్కడికి తీసుకెళ్లొద్దు, ఆ పని వాళ్లు చెయ్యరు. వెళ్తే పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నం అయ్యేసరికి మేస్త్రి గారు లారీల కింద ఉంటారు, బండి చూపించుకోవడానికి సాయంత్రం దాకా ఆగాల్సి వస్తుంది.